మధ్యలో అత్తగారు

పెళ్లయిన పదేళ్లలో ఆ మొగుడూ పెళ్లాం ఒకరితో ఒకరు నేరుగా మాట్లాడుకున్న మాటలన్నీ కలిపి సంచిలో పోస్తే సంచి అడుగు కూడా నిండదు. ఒకరంటే ఒకరికి పడక కాదు. మధ్యలో ఎప్పుడూ అత్తగారు ఉండేది, అంతే.

కొడుకు లిఫ్టులు బాగుచేసే మెకానిక్కు. పెళ్లయిన రెండు నెలలకే విమానం ఎక్కి పరాయి దేశం పోయాడు. రెండేళ్లకోసారి సెలవు మీద వచ్చేవాడు. వచ్చిన నెల రోజులూ ఇల్లు సంతలా ఉండేది. చుట్టాలు పోయేసరికి సెలవూ పోయేది. మిగతా కాలమంతా ఫోను కాపురమే. ఆ ఫోను మీద సర్వాధికారాలూ అత్తగారివి. పొద్దు వాలే వేళ అది మోగగానే ఆవిడ స్పీకరు పెట్టి, అప్పడంలా అరచేతిలో పరిచి పట్టుకుని, దాని మీదకు వంగి అరిచేది. వీడియో ఫోన్లు వచ్చాక కూడా పద్ధతి మారలేదు. అరచేతిలో వెల్లకిలా పడుకున్న ఫోనుకు కనబడేది ఇంటి కప్పే కాబట్టి, కొడుకు పెళ్లాం ముఖం కన్నా ఇంట్లో ఫ్యాను ముఖమే ఎక్కువ చూశాడు.

"ఏమే పిల్లా, నీ మొగుడు నువ్వేం చేస్తున్నావని అడుగుతున్నాడు."

"బియ్యం ఏరుతున్నానని చెప్పండి అత్తయ్యా."

"నీ మీద బెంగతో చిక్కి సగమైందిరా" అని చెప్పేది ఆవిడ ఫోనులోకి.

అవతల కొడుకు "ఊఁ" అనేవాడు. ఫోను పెట్టేశాక ఆ ఒక్క ఊఁ లోంచి అత్తగారు ఎంత కథ లాగేదో. "వాడి గొంతు విన్నావా? నువ్వు వేళకి తింటున్నావో లేదోనని వాడికి దిగులు. ఈసారి వస్తే నిన్ను ఊళ్లన్నీ తిప్పుతాడట." ఊళ్లు తిప్పుతానని ఆ మహానుభావుడు అననే లేదని కోడలికి తెలుసు. పక్కనే కూర్చుని వింది కదా. అయినా నమ్మేది. నమ్మితే పోయేదేముంది? అలా ఆ కాపురంలో సగం వాళ్లిద్దరిది, సగం అత్తగారి కల్పన. కల్పన సగమే కాస్త రుచిగా ఉండేది. అత్త మంచీ వేము తీపూ లేవని సామెత కట్టినవాళ్లెవరో గానీ, వాళ్లు ఈ ఇంటి గుమ్మం తొక్కి ఉండరు.

అలాంటి మనిషి ఒక మధ్యాహ్నం పోయింది. కొడుక్కి సెలవు దొరకలేదు, రాలేకపోయాడు. తల్లిని సాగనంపడం అతను ఫోనులోనే చూశాడు. ఆ రోజు ఫోను పట్టుకున్నది బావమరిది కాబట్టి అంతా సరిగ్గానే కనబడింది, అది అదృష్టమో కాదో నాకు తెలియదు. కోడలు మాత్రం కన్నీటి చుక్క రాల్చలేదు. "అత్త చచ్చిన ఆరు నెలలకు కోడలు ఏడ్చిందంటారు. దీనికి ఆరేళ్లకైనా ఏడుపు వచ్చేలా లేదు" అని పక్కింటి పెద్దమ్మ అందరికీ వినబడేలా అంది. కోడలూ వింది. విని, వచ్చినవాళ్లకు టీ పెట్టడానికి లోపలికి వెళ్లింది.

తర్వాత జరగవలసినవి జరిగాయి. ఆడది ఒక్కతీ అద్దె ఇంట్లో ఎలా ఉంటుందని పెద్దవాళ్లు తీర్మానించారు. కొడుకు వీసా కాగితాలు పంపాడు. కోడలి అన్నయ్య పట్టుబట్టి రానూ పోనూ టిక్కెట్టు తీయించాడు. "నచ్చకపోతే మొహమాటపడకమ్మా, నెల తిరక్కుండా వచ్చెయ్. మీ వదిన ఏమీ అనుకోదు" అన్నాడు. వదిన పక్కనే ఉంది. ఏమీ అనలేదు.

విమానాశ్రయంలో కొడుకు పని బట్టల్లోనే నిలబడి ఉన్నాడు. జేబు మీద కంపెనీ బొమ్మ, మోకాళ్ల దగ్గర నూనె మరకలు. ఆమెను చూసి తల ఊపి పెట్టె అందుకున్నాడు. దారంతా ఇద్దరూ బస్సు కిటికీలోంచి చెరొక వైపు చూశారు. అతను ఉండే మేడ అడుగున లిఫ్టు ఎక్కాక, తలుపులు మూసుకుని అది పైకి లేస్తుంటే, కొడుకు తల పక్కకు వంచి చెవి రిక్కించాడు.

"దీని తాడు సాగింది" అన్నాడు.

రెండేళ్ల తర్వాత కళ్లెదుట నిలబడ్డ పెళ్లాంతో మొగుడు అన్న మొదటి మాట అది. అత్తగారు ఉంటే దాన్ని కూడా ఏదో ఒకటి చేసి చెప్పేది.

ఇల్లంటే రెండు గదులూ, మధ్యలో ఒక వంటిల్లూ. ఒక గది వీళ్లది. రెండోది డ్రైవరు బాబాయిది. బాబాయంటే చుట్టరికం లేదు, మన భాష మాట్లాడే పెద్దమనిషి, హోటళ్లకు కూరగాయలు చేరవేసే వ్యాను నడుపుతాడు. కిటికీలు తెరుచుకోవు. బయటి నడవలో దీపం మనిషి కదిలితే వెలుగుతుంది, కదలడం ఆపితే ఆరిపోతుంది. మొదటి వారంలో కోడలు తాళం చేతిలో పట్టుకుని గుమ్మం ముందు నిలబడిపోయేది, దేని గురించీ ఆలోచించకుండానే. దీపం ఆరిపోయేది. ఆ చీకట్లో కూడా ఆమెకు భయం వేయలేదు. బాధా లేదు, సంతోషమూ లేదు. బెల్లం కొట్టిన రాయిలా ఉంది మనిషి. తనకేమైందో తనకే అర్థం కాలేదు, అర్థం చేసుకోవాలనీ అనిపించలేదు.

మొదటి రోజు రాత్రి భోజనానికి ముగ్గురూ బల్ల దగ్గర కూర్చున్నారు. మొగుడూ పెళ్లాం అటూ ఇటూ, మధ్యలో బాబాయి.

"కూర ఎలా ఉందో ఆయన్ని అడగండి బాబాయ్ గారూ" అంది కోడలు.

బాబాయి అటు చూశాడు, ఇటు చూశాడు. హాస్యమనుకుని నవ్వాడు. "కూర ఎలా ఉందిరా?"

"బాగుందని చెప్పు."

"బాగుందటమ్మా" అన్నాడు బాబాయి, ఇంకా నవ్వుతూనే.

పాపం, పదేళ్ల అలవాటు తన నెత్తిన పడబోతోందని ఆయనకు ఆ పూట తెలియదు. మర్నాటి నుంచి నీళ్లు కావాలన్నా ఆయనే, సబ్బు అయిపోయిందన్నా ఆయనే. ఒక్క తేడా మాత్రం ఉంది. అత్తగారు మాటను అందుకుని దానికి చీర కట్టి, పూలు పెట్టి అవతలికి పంపేది. బాబాయి దాన్ని పుట్టినది పుట్టినట్టే అప్పగించేవాడు. కొడుకు "ఊఁ" అంటే కోడలికి చేరేది ఊఁ మాత్రమే. అప్పుడు తెలిసింది ఆమెకు, తాను పదేళ్లు కాపురం చేసింది ఎవరితోనో. ఎదురుగా కూర్చుని అన్నం కలుపుకుంటున్న ఈ మనిషి కొత్తవాడు.

ఆమెకు పని కుదిర్చింది కూడా బాబాయే. పెద్ద హోటలు ఒకటి ఉంది, దాని నేలమాళిగలో లాండ్రీ. మొదటి నెల పనితనం చూస్తారు, నచ్చితే నెల తిరిగాక వచ్చే సోమవారం రెండేళ్లకు సంతకం పెట్టించుకుంటారు. తిరుగు టిక్కెట్టు తేదీ కూడా ఆ వారంలోనే పడింది. అంటే ఆ సోమవారం నాడు కోడలు సంతకమైనా పెట్టాలి, సామానైనా సర్దుకోవాలి. సంతకం పెడితే ఈ మనిషితో, ఈ గదిలో రెండేళ్లు. సర్దుకుంటే అన్నయ్య ఇంట్లో, వదిన ఏమీ అనని చోట. ఏది కావాలో కొడుకు అడగలేదు. అడగమని బాబాయికీ చెప్పలేదు. ఎంత అలవాటున్నా, కొన్ని మాటలు ఇంకొకరి నోట పంపించడానికి మనసొప్పదు.

లాండ్రీలో పగలూ రాత్రీ ఒకటే వెలుతురు. ఉతికిన పక్కదుప్పట్లు గుట్టలుగా వస్తాయి. వాటిని పెద్ద రోలరుకు అందిస్తే, కాల్చి చదును చేసి అవతలికి వదులుతుంది. అవతల ఇద్దరు ఆడవాళ్లు చెరొక కొసా పట్టుకుని, లాగి, దగ్గరకొచ్చి మడత కలిపి, మళ్లీ వెనక్కి జరిగి మరో మడత పెట్టాలి. కోడలికి జోడీ ఒక పొడుగావిడ. ఆమె దేశం వేరు, భాష వేరు. కొస మెల్లగా లాగితే సిద్ధమని, గట్టిగా లాగితే ఆగమని. ఇద్దరి మధ్యా ఉన్న వ్యాకరణం అంతే, ఎప్పుడూ తగవు రాలేదు.

ఈ పని కోడలికి కొత్త కాదు. ఇంటి దగ్గర ఉతికిన చీరలను అత్తా కోడలూ ఇలాగే చెరొక కొసా పట్టుకుని మడిచేవాళ్లు. దగ్గరకొచ్చినప్పుడల్లా అత్తగారు ఒక కబురు చెప్పేది. వెనక్కి జరిగినప్పుడు ఆపేది. తర్వాతి మడతకు మిగతా సగం. రెండో వారంలో ఒక రోజు, దుప్పటి కొస జారుతుంటే, కోడలు అలవాటుగా అనేసింది: "అత్తయ్యా, కాస్త గట్టిగా పట్టుకోండి."

పొడుగావిడకు మాట తెలియకపోయినా సంగతి తెలిసింది. గట్టిగా పట్టుకుంది. కోడలు మడత కలపడానికి దగ్గరకెళ్లి, ఎదుటి ముఖం వంక చూసి, తిరిగి వెనక్కి జరిగింది. అప్పుడైనా గుండెలో ఏదైనా కదులుతుందేమోనని చూసుకుంది. ఏమీ కదల్లేదు. తర్వాతి దుప్పటి అందుకుంది.

కానీ ఒక్క మాటకు మాత్రం ఆమె ఒళ్లు బిగుసుకునేది. ఆ మాట కొడుకుది. నోట్లో నాలుక లేనట్టుండే ఆ మనిషి, తల్లి ప్రస్తావన వస్తే చాలు, ఎవరికైనా ఒకటి చెప్పేవాడు. "నేను దగ్గర లేకపోయినా నా పేరు పిలుస్తూనే పోయిందండీ మా అమ్మ." పనిలో తోటివాళ్లకు చెప్పాడు. బాబాయికి ఎన్నిసార్లు చెప్పాడో లెక్క లేదు. అది పక్కింటి పెద్దమ్మ ఫోనులో చెప్పిన సంగతి. అతను దాన్ని కడుపులో పెట్టుకుని బతుకుతున్నాడు. చెప్పినప్పుడల్లా కోడలు గిన్నెలు సర్దుతున్నా, కూర తరుగుతున్నా, చేతులు ఆగిపోయేవి. ఆ మధ్యాహ్నం ఆ గదిలో ఉన్నది తానొక్కతే. జరిగింది అది కాదు.

చెప్పేస్తే ఆ మనిషికి మిగిలిన ఒక్కటీ పోతుంది. చెప్పకపోతే, రోజూ ఆ మాట వింటూ, గిన్నెలు సర్దుతూ రెండేళ్లు. సంతకం పెట్టాలో వద్దో తేల్చుకోలేకపోవడానికి అసలు కారణం అదే. వేరే దేశమూ కాదు, తెరుచుకోని కిటికీలూ కాదు.

నెలాఖరు శనివారం చెయ్యి రోలరుకు తగిలింది. తోలు ఎర్రబడి ఉబ్బేదాకా కోడలికి తెలియనే లేదు. పొడుగావిడ కేక పెట్టి దుప్పటి వదిలేసింది. సూపర్‌వైజరు వచ్చి మందు రాసి కట్టు కట్టి, ఇంటికి వెళ్లమని చేత్తో చూపించాడు. మర్నాడు ఆదివారం, ముగ్గురికీ సెలవు. మధ్యాహ్నం భోజనాల దగ్గర కొడుకు కళ్లు ఆ కట్టు మీదే ఉన్నాయి. ముద్ద దిగడం లేదు.

"బాబాయ్, చేతికి ఏమైందట?"

"ఏం లేదని చెప్పండి బాబాయ్ గారూ. కాస్త కాలింది."

"మందు రాశారో లేదో అడుగు."

బాబాయి ముద్ద పళ్లెంలో పెట్టేశాడు.

"ఒరేయ్, ఆ చెయ్యి నీ కళ్లెదుటే ఉంది. చాపితే అందుతుంది. నెల రోజులుగా చూస్తున్నా. నేనేమన్నా మీ ఇద్దరి మధ్యా గొట్టాన్నా, ఇటు ఊదితే అటు రావడానికి? మీ అమ్మ మహాతల్లి, పదేళ్లు మోసింది. నా వల్ల కాదు. రేపు ఈ అమ్మాయి సంతకం పెడుతుందో ఊరికి పోతుందో అడగాల్సింది నువ్వు. చెప్పాల్సింది నువ్వమ్మా. నేను పోయి వ్యానులో తింటా."

అన్నంత పనీ చేశాడు. పళ్లెం పట్టుకుని, చెప్పులేసుకుని, తలుపు మోకాలితో తోసుకుని వెళ్లిపోయాడు. లిఫ్టు వచ్చిన చప్పుడు, పోయిన చప్పుడు వినబడ్డాయి. బల్లకు అటూ ఇటూ ఇద్దరు మిగిలారు. మధ్యలో ఖాళీ కుర్చీ. ఇంత ఈడొచ్చిన మనుషులు, ఒక గదిలో ఒంటరిగా వదిలేసరికి బడి నుంచి తప్పిపోయిన పిల్లల్లా కూర్చున్నారు.

"అమ్మ ఉంటే ఈపాటికి అడిగేసేది" అన్నాడు కొడుకు, పళ్లెంతో.

"ఏమని?" అంది కోడలు. ఆమె కూడా పళ్లేన్నే చూస్తోంది.

"ఉంటావా, వెళ్తావా అని."

కొడుకు కాసేపు అన్నాన్ని అటూ ఇటూ నెట్టాడు.

"నేను రాలేదని నీకు కోపం. నాకు తెలుసు. ఉండాల్సిందే. అమ్మకు మాత్రం కోపం లేదు. ఉంటే నా పేరు పిలుస్తూ…"

"పిలవలేదు."

"ఏంటి?"

"మీ పేరు పిలవలేదు." గొంతు తనది కానట్టుంది, అయినా వస్తోంది. "పెద్దమ్మ వచ్చింది అంతా అయ్యాక. దూరాన ఉన్నవాడికి ఏదో ఒకటి చెప్పాలని చెప్పింది. నేను కాదనలేదు. అప్పుడు నాకు నోరు పెగల్లేదు."

కొడుకు తలెత్తాడు. పెళ్లయిన పదేళ్లలో ఆమె ముఖంలోకి అంతసేపు చూడటం అదే మొదలు.

"మరి ఏమంది?"

"పొద్దున తల దువ్వాను. జావ రెండు చెంచాలు తాగింది. మధ్యాహ్నం కాళ్లు పడుతుంటే కళ్లు తెరిచి, నువ్వు తిన్నావా అంది. ఇంకా లేదత్తయ్యా అన్నాను. తినిరా పో, నేనెక్కడికీ పోను అంది." కోడలు ఊపిరి తీసుకుంది. "నేను వెళ్లి వడ్డించుకున్నాను. వచ్చేసరికి పోయింది. నేను అక్కడ అన్నం తింటుంటే ఇక్కడ పోయింది. ఆఖరి మాట నా తిండి గురించే. మీ గురించి కాదు. అది మీకెలా చెప్పను? నాకు ఆ రోజు నుంచీ ఏమీ తెలియడం లేదు. ఏడుపు రాదు. చెయ్యి కాలినా తెలియలేదు."

కొడుకు పళ్లెం పక్కకు జరిపాడు. అరుస్తాడేమో అనుకుంది. అబద్ధమంటాడేమో అనుకుంది. ఏదన్నా తాను పడడానికి సిద్ధంగానే ఉంది.

"ఏం కూర?" అన్నాడు.

"వంకాయ."

"కడుపునిండా తిన్నావా?"

"తిన్నాను. బాగా కుదిరిందని మళ్లీ వడ్డించుకున్నాను. ఆవిడకు చెబుదామనుకుంటూ వచ్చాను."

అతను తల ఊపాడు. ఇంకోసారి ఊపాడు. కళ్లలో నీళ్లు నిండినా తుడుచుకోలేదు.

"రెండేళ్ల నుంచి నన్ను రమ్మని పోరుపెట్టింది. వస్తా వస్తా అన్నాను. అమ్మ ఆఖరి మాట నువ్వయినా విని తిన్నావు. మంచిపని చేశావు."

అందరూ ఏదో ఒకటి అన్నారు ఆమెను, ఇన్నాళ్లూ. రాయి అన్నారు, ఏడుపు రాని కోడలన్నారు. మంచిపని చేశావని ఎవరూ అనలేదు. ఆమె బల్ల అంచు పట్టుకుంది. కట్టు కింద చెయ్యి ఒక్కసారిగా భగ్గుమంది, నిన్నటి మంట ఇప్పుడు వచ్చినట్టు.

"మందు రాశారా?" అన్నాడు కొడుకు.

"రాశారు. మండుతోంది."

అతను లేచి, చల్లటి నీళ్లలో గుడ్డ తడిపి తెచ్చి, ఖాళీగా ఉన్న బాబాయి కుర్చీలో కూర్చున్నాడు. కట్టు చుట్టూ గుడ్డ ఎలా వేయాలో తెలియక కాసేపు తంటాలు పడ్డాడు. లిఫ్టుల తాళ్లు బిగించే చేతులవి, మెత్తగా పట్టుకోవడం రాదు. ఆమె చెయ్యి వెనక్కి తీసుకోలేదు.

"ఉంటావా?" అన్నాడు గుడ్డ వైపు చూస్తూ. "నాకోసమని చెప్పకు. నిజం చెప్పు."

"మీరెలాంటివారో నాకింకా తెలియదు. అత్తయ్య చెప్పిన మనిషి మీరు కాదు."

"కాదు" అని ఒప్పుకున్నాడు.

"ఉంటాను" అంది కోడలు. "ఆవిడ గురించి మాట్లాడుకోవాలంటే ఈ లోకంలో నాకింకెవరున్నారు, మీరు తప్ప."